అందించిన పాదం

సోమయాజులు గారు గంధం తీస్తూ పద్యాలు చదువుకుంటారు. పొద్దున్నే నూతి దగ్గర స్నానం చేసి, వసారాలో సాన ముందు పెట్టుకుని కూర్చుంటే, పూజవేళకి గంధమూ తయారవుతుంది, పద్యాలూ ఒక వరస పూర్తవుతాయి. మధ్యలో ఎక్కడైనా మాట తట్టకపోతే ఆయన ఆగరు. చివరి అక్షరాన్ని సాగదీస్తూ, చెక్కని సానమీద తిప్పుతూనే ఉంటారు. ఎవరు ముందు వింటే వాళ్లు తరవాతి మాట అందించాలి. నూతి దగ్గర బట్టలు పిండుకుంటూ కొడుకు సోమసుందరం అందిస్తాడు. లేకపోతే వంటింట్లోంచి కామేశ్వరమ్మ గారు అందిస్తారు. ఆవిడకి చదవడం రాదు. కాపరానికి వచ్చినప్పటినుంచీ విని విని వచ్చినవే అన్నీ. "ఊఁ, అదే" అని ఆయన మళ్లీ అందుకుంటారు.

కూతురు బాలాంబకి కూడా ఆ పద్యాలన్నీ వచ్చు. కాని ఆ పిల్ల గొంతు పెగిలేలోపలే అన్నయ్య అందించేసేవాడు. పెదవుల దాకా వచ్చిన మాటని మింగేసి, మళ్లీ నందివర్ధనాలు కోసుకునేది.

ఆ రోజు ఆయన తన సొంత పద్యం దగ్గరికి వచ్చారు. పెళ్లయిన కొత్తలో కొయ్యూరు వెళ్తూ, కొండ దిగివచ్చే వాగుని చూసి చెప్పిన పద్యం అది.

"కొండ విడిచిన వాగుకు కొండ గురుతె..." అని చివరి అక్షరాన్ని పట్టుకుని సాగదీశారు.

"వాగు మరచిన కొండకు వాగు గురుతె!" అన్నాడు సోమసుందరం పంచె ఝాడిస్తూ.

"ఊఁ, అదే."

పాలు పోయడానికి వచ్చిన దేవుడమ్మ చెంబు పట్టుకుని నవ్వింది. "ఏటి పంతులుగారూ, రోజూ సదివే పద్దేలే గదా, మీకు గేపకం నేదేటి?"

"లేకేమే! వీళ్లు నిద్ర లేచేరో లేదో తెలుసుకోడానికి ఆగుతూంటాను" అన్నారాయన. అందరూ నవ్వారు. కామేశ్వరమ్మ గారు మాత్రం పాలగిన్నె తీసుకుని గబగబా లోపలికి వెళ్లిపోయారు.

పూజ అవుతూండగానే హెడ్మాస్టరు సుందరరామయ్య గారు పత్రిక చంకలో పెట్టుకుని వచ్చారు. సోమయాజులు గారు ఆయన బడిలోనే తెలుగు పండితులు.

"యాజులుగారూ, మంచి కబురు! చెన్నపట్నంలో యూనివర్సిటీ వారు తెలుగు పరిశోధనకి మనుషుల్ని వేసుకుంటున్నారు. పెద్ద పండితుడొకరు కావాలిట. ఆయన చేతికింద సహాయకులు, తాళపత్రాలు చూసి కాగితం మీదికెక్కించే వాళ్లు, పుస్తకాలు చూసుకునే వాళ్లు, అన్నీ కొత్త ఉద్యోగాలే."

"మనకెందుకండీ? నేను ఏ పరీక్షా ప్యాసవలేదు."

"అదే చెప్తున్నాను. పెద్ద పండితుడి ఉద్యోగానికి పరీక్ష అక్కర్లేదుట. గురుముఖతః చదువుకుని పేరు తెచ్చుకున్న వాళ్లయితే చాలునట. సభలో అడిగిన దానికి చెప్పాలి, అంతే." సుందరరామయ్య గారు గొంతు తగ్గించారు. "ఇక్కడ మన బడి సంగతి మీకు తెలిసిందే కదా. విద్వాన్ పరీక్ష లేనివాళ్లని ఉంచడానికి వీల్లేదంటున్నారు. ఎన్నాళ్లని ఆపగలను నేను?"

సోమయాజులు గారికి బడిలో ఉద్యోగం పోవడం కన్నా, ఇన్నేళ్ల చదువునీ ఒక పరీక్ష లేదని తీసి పక్కన పెడతారే అన్నదే బాధ. ఆ మొహంలోకి నెమ్మదిగా వెలుగొచ్చింది. "వెళ్దామంటారా?" అన్నారు, చిన్నపిల్లాడిలా.

"వెళ్లాలండీ. అబ్బాయిని తోడు తీసుకెళ్లండి. ఒరే సుందరం, నువ్వు విద్వాన్ ప్యాసై కచేరీలో అర్జీలు రాస్తూ కూర్చున్నావు. సహాయకుడి ఉద్యోగానికి నువ్వూ పెట్టరాదూ?"

"ముందు నాన్నగారిది కానివ్వండి" అన్నాడు సోమసుందరం. "ఆయన నిలబడే సభలో నేనూ నిలబడడం ఏం బావుంటుంది?"

లోవరాజు బండిలో తండ్రీకొడుకులు రైలుస్టేషనుకి బయలుదేరారు. సోమయాజులు గారు జరీ అంచు పంచె కట్టుకున్నారు. వీధి చివరిదాకా ఆయన పద్యం వినిపిస్తూనే ఉంది. ఎక్కడా ఆగలేదు. పక్కనే కూర్చున్న కొడుకు ఆగనివ్వలేదు.

వాళ్లు తిరిగొచ్చిన రోజు మొదట కబురు తెచ్చినది లోవరాజే. బండి ఇంకా వీధి మలుపు తిరగకుండానే కేకలు పెట్టాడు.

"అమ్మగోరూ, పంతులుగోరికి సాలువా కప్పీసినారండి! ఉద్దోగం ఒచ్చీసినట్టే! బేగి దిట్టి తియ్యండి!"

కామేశ్వరమ్మ గారు ఎర్రనీళ్లు కలుపుకుని వీధిలోకి పరిగెత్తారు. బండి దిగిన భర్త భుజాల మీద నిజంగానే పట్టుశాలువా ఉంది. కాని ఆయన దిష్టి తీయించుకోలేదు. ఎవరి మొహమూ చూడలేదు. శాలువా తీసి దండెం మీద పడేసి, నేరుగా నూతి దగ్గరికి వెళ్లి నెత్తిమీద నీళ్లు పోసుకోవడం మొదలుపెట్టారు. పోసుకుంటూనే ఉన్నారు. లోవరాజు నోరు తెరుచుకుని కొడుకు వైపు చూశాడు.

"శాలువా కప్పింది ఉద్యోగం ఇచ్చి కాదు" అన్నాడు సోమసుందరం తలవంచుకుని. "ఇవ్వలేక."

జరిగిందంతా అతను మర్నాడు తండ్రి బడికి వెళ్లాక చెప్పాడు. తల్లీ, చెల్లెలూ పెరట్లో చిక్కుడుకాయలు తుంచుతూ విన్నారు.

"చక్కగా చెప్పేరమ్మా. వ్యాకరణం అడిగితే సింహంలా చెప్పేరు. అందరూ తలలూపేరు. ఆఖర్ని ఒకాయన, మీరు స్వయంగా చెప్పిన పద్యం ఏదైనా వినిపించండి అన్నారు. నాన్నగారు నవ్వుతూ వాగు పద్యం ఎత్తుకున్నారు. మొదటి పాదం అయింది. 'గురుతె' అని సాగదీసేరు. నేను వెనకాల గోడవార బల్లమీద కూర్చున్నాను." అతను చేటలోంచి చిక్కుడుకాయ ఒకటి అందుకుని విరిచాడు. "నోరు దానంతటదే వచ్చేసిందమ్మా. మన నూతి దగ్గరున్నట్టే అనేశాను. హాలంతా ఖంగుమంది."

"అయ్యో!" అన్నారు కామేశ్వరమ్మ గారు.

"ఒక కుర్రాడు ఫక్కున నవ్వేడు. నాన్నగారు వెనక్కి తిరిగి నాకేసి చూసేరు. తరవాత ఇంక ఒక్క పాదం కూడా చెప్పలేకపోయేరు. వాళ్లు ఎంతో మర్యాదగా, మీరు పెద్దలు, మిమ్మల్ని పరీక్షించడం మా తప్పు అని శాలువా కప్పేరు. నేను నాన్నగారి వెనకాల వెళ్లిపోతూంటే సభ నడిపిన పెద్దాయన పిలిచి, నువ్వెవరబ్బాయివి, ఏం చదివేవు అని అడిగేరు. చెప్పేను. మాకు సహాయకుడు కావాలి, నెలాఖరులోగా వచ్చి చేరు అన్నారు. నాన్నగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు."

కామేశ్వరమ్మ గారి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. బాలాంబ అన్నయ్య మొహం చూడలేక చేటలోకి చూస్తూ కూర్చుంది.

ఆ మర్నాటినుంచి సోమయాజులు గారు గంధం తీస్తున్నారు గాని పద్యం చదవడం మానేశారు. సాన మీద చెక్క రాపిడి ఒక్కటే వినిపించేది. దేవుడమ్మ కూడా పాలు పోసి, అటూ ఇటూ చూసి, మాట్లాడకుండా వెళ్లిపోయేది. సోమసుందరం కచేరీకి వెళ్లొస్తున్నాడు. ఉద్యోగం మాట ఎత్తడు. తండ్రి నోట "వెళ్లు" అని వస్తే తప్ప వెళ్లనని తల్లితో ఒక్కసారే చెప్పాడు. తరవాత ఆవిడ ఎన్నిసార్లు బతిమాలినా అర్జీల కట్ట ముందేసుకుని కూర్చునేవాడు.

నెలాఖరు దగ్గరపడింది. ఆదివారం మధ్యాహ్నం తండ్రీకొడుకులు భోజనానికి కూర్చున్నారు. కామేశ్వరమ్మ గారు చారు వడ్డిస్తూ ఇంక ఉండబట్టలేక అడిగేశారు.

"వాణ్ణి వెళ్లమంటారా, వద్దంటారా? ఏదో ఒక మాట చెప్పండి."

"వాడి ఉద్యోగం. వాడిష్టం. నన్నడగడం దేనికి?"

"మీరు చెప్పందే నేను వెళ్లను నాన్నగారూ."

"అబ్బో! ఇప్పుడొచ్చిందా వినయం?" సోమయాజులు గారి చేతిలో అన్నం ముద్ద విస్తట్లో జారిపోయింది. "నిండుసభలో నా నోట్లో మాట పెట్టినప్పుడు ఏమైందిరా? నేను ఆగితే ఆలోచించుకోడానికి ఆగేనేమో! ఒక్క క్షణం ఊరుకుంటే నాకే తట్టేది. నా పద్యంరా అది! నువ్వు పుట్టకముందు నేను కట్టిన పద్యం! కన్నకొడుకు అందిస్తే గాని సొంత పద్యం చెప్పలేని ముసలివాణ్ణని అంతమందిలో చాటించేవు."

"కావాలని అన్లేదు నాన్నగారూ. ఇంట్లో రోజూ అందిస్తున్నట్టే..."

"రోజూ ఏవిటి? ఏడాదికో మారు ఏ మాటో తట్టకపోతే, అది రోజూనా?"

పెరటి గుమ్మం దగ్గర నిలబడ్డ బాలాంబ తలుపు చెక్కని గట్టిగా పట్టుకుంది. సోమయాజులు గారు కొడుకు మొహం చూశారు. ఆ మొహం పక్కకి తిరిగిపోయింది. భార్య మొహం చూశారు.

"ఏమే? రోజూనా?"

"అన్నం దగ్గర ఇవన్నీ ఎందుకండీ..."

"అడుగుతున్నాను. రోజూనా?"

ఆవిడ చారుగిన్నె కింద పెట్టి గోడకి చేరగిలబడ్డారు. "పోయిన వానాకాలం నించీ ఎక్కువైందండీ. ఒక పద్యంలోనే రెండేసి చోట్ల. ఒక్కోరోజు చదివిన పద్యమే మళ్లీ చదివేవారు. మీకు తెలిస్తే కుంగిపోతారని... నాన్నగారు ఆగేలోపలే అందించెయ్యరా, ఆగినట్టు ఆయనకి తెలియకూడదు, అని వాడితో నేనే చెప్పేను. తప్పు నాది. వాణ్ణేమీ అనకండి."

సోమయాజులు గారు కదలకుండా కూర్చున్నారు. బడిలో చేతిలో పుస్తకం ఉంటుంది. ఇంట్లో వీళ్లున్నారు. వీళ్లు అందించకూడని చోటంటూ ఆయనకి ఆ హాలు ఒక్కటే ఎదురైంది.

"నీకూ తెలుసామ్మా?" అని కూతుర్ని అడిగారు.

బాలాంబ తలూపింది. కళ్లనించి నీళ్లు రాలుతున్నాయి.

"పాలు పోసేదానికి కూడా తెలుసన్నమాట. నేనేదో హాస్యమాడేననుకున్నాను" అన్నారాయన. ఉత్తరాపోశన పట్టి, విస్తరి ముందునించి లేచి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్న ఆయన సాన ముందు కూర్చుని గట్టిగా పిలిచారు. "అందరూ వినండి. ఇవాళ చదువుతాను. ఎవ్వరూ పలకొద్దు. ఒట్టు."

కొయ్యూరు కొండమీద మబ్బు వేలాడుతోంది. సోమసుందరం నూతిలో చేద దించి, చేంతాడు పట్టుకుని నిలబడిపోయాడు. కామేశ్వరమ్మ గారు పొయ్యి ముందు కూర్చుని చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"కొండ విడిచిన వాగుకు కొండ గురుతె..."

చెక్క సాన మీద తిరుగుతోంది. అక్షరం సాగింది, సన్నగిల్లింది, ఆగిపోయింది. ఆయన మళ్లీ మొదటినుంచీ ఎత్తుకున్నారు. మళ్లీ అక్కడే ఆగింది. నుదుటి మీద చెమట పట్టింది. ఇంకొక్కసారి, ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్క మాటే చెయ్యిపట్టుకుని నడిపిస్తున్నట్టు చదివారు. "గురుతె" దగ్గర ఎదురుగా ఏదో గోడ ఉన్నట్టు నిలబడిపోయారు. సాన మీద గంధం ఆరిపోయి పెచ్చు కట్టింది. చెయ్యి తిరగడం మానేసింది.

సోమసుందరం పెదవులు కదిలాయి. పళ్లతో బిగబట్టుకున్నాడు.

"వాగు మరచిన..."

ఎవరిదా గొంతు అని అందరూ అటు తిరిగారు. నందివర్ధనం మొక్క పక్కన పూలసజ్జ గుండెలకి హత్తుకుని బాలాంబ నిలబడి ఉంది. ఆ పిల్ల గట్టిగా మాట్లాడడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. గొంతు వణుకుతోంది గాని ఆగలేదు.

"వాగు మరచిన కొండకు వాగు గురుతె."

ఆయన "ఊఁ, అదే" అనలేదు. చాలాసేపు కూతురికేసి చూశారు. తరవాత గంధం చేతులతోనే మొహం కప్పుకున్నారు.

"నాకు తట్టలేదే తల్లీ" అన్నారు. "మూడుసార్లు చూశాను. తట్టలేదు. వాడు ఊరుకుని ఉన్నా నాకు తట్టేది కాదు. ఆ హాల్లో, అంతమందిలో, నేను ఇలాగే నిలబడి ఉండిపోయేవాణ్ణి."

సోమసుందరం చేంతాడు వదిలేశాడు. చేద నూతిలో పడిన చప్పుడైంది. వచ్చి తండ్రి ముందు కూర్చున్నాడు. సోమయాజులు గారు అతని చెయ్యి వెతికి పట్టుకున్నారు.

"నీమీద కోపం కాదురా అది. భయం. లోపల ఎక్కడో నాకు తెలుస్తూనే ఉంది. చెప్పినవాణ్ణి తిట్టేస్తే అబద్ధమైపోతుందనుకున్నాను." కొడుకు చేతికంటిన గంధం తుడుస్తూ, "వెళ్లు నాయనా. నా దగ్గర పోయేవన్నీ నీ దగ్గరున్నాయి. అవి కచేరీలో అర్జీలకి పనికిరావు. బడి సంగతి సుందరరామయ్య గారితో నేనే చెప్తాను. ఎవరో వచ్చి తీసెయ్యక్కర్లేదు, నేనే మానేస్తాను" అన్నారు.

"మిమ్మల్నిలా వదిలేసి ఎలా వెళ్లను నాన్నగారూ?"

"చెల్లాయి ఉంది కదరా. అందిస్తుంది." ఏడుస్తూనే చిన్నగా నవ్వారు. "నీకొక్కమాట. అక్కడ ఎవరైనా పెద్దవాడు మాట కోసం ఆగితే అందించు. పాపం, అందించు. కాని కాస్త నెమ్మదిగా."

ప్రయాణంనాడు ఆయన దండెం మీది శాలువా దులిపి కొడుకు భుజాన కప్పారు. "చెన్నపట్నంలో చలి ఉండదండీ" అన్నారు కామేశ్వరమ్మ గారు. "చలికి కాదులే" అన్నారాయన. లోవరాజు ఈసారి కేకలు వెయ్యలేదు. ఎడ్లని అదిలించి, తలపాగా చెంగుతో కళ్లు తుడుచుకున్నాడు.

వానలు వచ్చి వెళ్లాయి. సోమసుందరం ఉత్తరాలు రాస్తూ ఉండేవాడు. తాళపత్రాలు ఎలా విప్పుతారో, పెద్దాయన ఎంత ఆదరంగా చూస్తారో అన్నీ రాసేవాడు. ఒకసారి, అక్కడి విద్యార్థులకి నాన్నగారి వాగు పద్యం చెప్పాననీ, వాళ్లు రాసుకుని కంఠస్థం చేశారనీ రాశాడు. బాలాంబ ఆ ముక్క తండ్రికి చదివి వినిపించింది. ఆయన విన్నారు. విని, "ఎవరూ, మన సుందరమేనా?" అని అడిగారు.

పొద్దున్న పూట గంధం తీయడం మాత్రం మానలేదు. బాలాంబ ఇప్పుడు దూరంగా పూలమొక్క దగ్గర కాకుండా ఆయన పక్కనే కూర్చుంటుంది. ముందు ఒక మాట అందించేది. తరవాత ఒక పాదం. ఇప్పుడు చాలా రోజులు పద్యమంతా ఆ పిల్లే చదువుతుంది. ఆయన తలూపుతూ చెక్క తిప్పుతారు. వంటింట్లో కామేశ్వరమ్మ గారు వింటూ ఉంటారు.

ఆ రోజు కూడా బాలాంబ వాగు పద్యం మొత్తం చదివింది. సోమయాజులు గారు శ్రద్ధగా విన్నారు. చెక్క పక్కన పెట్టి, కొత్తగా విన్నవారిలా కూతురికేసి తిరిగారు.

"ఎంత బావుందమ్మా! ఎవరు చెప్పేరీ పద్యం?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"మా నాన్నగారండీ" అంది.

"పండితుడే! ఇంత చక్కగా చెప్పినవాడికి ఆ యూనివర్సిటీవాళ్లు ఉద్యోగం ఇవ్వాలే మరి. ఇచ్చేరా?"

ఆ పిల్ల తండ్రి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆయన వేళ్లనిండా తడి గంధం. కాసేపు ఆగి, నెమ్మదిగా అందించింది.

"ఇచ్చేరు నాన్నగారూ."

ఆయన మొహం విప్పారింది.

"ఊఁ, అదే" అన్నారు. మళ్లీ చెక్క అందుకుని గంధం తీయడం మొదలుపెట్టారు.